ఆచంద్రార్కం అన్న మాట: విల్టన్ లిటిల్‌చైల్డ్ జీవితంలో ఆదివాసీ హక్కుల చిక్కుముడి

ఏటా ఆగస్టు 9 వచ్చిందంటే పాడేరు, ఉట్నూరు, భద్రాచలం లాంటి చోట్ల ర్యాలీలు, ధింసా, డప్పులు, సభలు. ప్రపంచ ఆదివాసీ దినోత్సవం. స్టేజీ మీద ఎవరో ఒకరు "ఐక్యరాజ్యసమితి మన హక్కులను గుర్తించింది" అంటారు, అందరూ చప్పట్లు కొడతారు. మరి ఆ గుర్తింపు అంటే ఏమిటి, చట్టమా, హామీయా, ఉత్త కాగితమా అని అడిగితే మాత్రం సరైన జవాబు దొరకదు. అసలు ఆగస్టు 9 తేదీనే ఎందుకు అన్నదీ చాలామందికి తెలియదు. 1982లో ఆదివాసీ ప్రజల గురించి ఐక్యరాజ్యసమితి వేసిన కార్యవర్గం జెనీవాలో మొదటిసారి కూర్చున్నది ఆ రోజున. 1994లో సర్వసభ్య సభ దాన్నే దినోత్సవంగా ప్రకటించింది.

ఆ జెనీవా బాట పట్టిన తొలితరం వాళ్లలో కెనడాకు చెందిన విల్టన్ లిటిల్‌చైల్డ్ ఒకరు. అక్కడి ఆదివాసీల్లో క్రీ జాతి మనిషి, లాయరు, ఎంపీ, క్రీడాకారుడు, ఐక్యరాజ్యసమితి సంస్థల్లో సభ్యుడు, కెనడా రెసిడెన్షియల్ స్కూళ్ల మీద వేసిన కమిషన్‌లో ముగ్గురు కమిషనర్లలో ఒకరు. ఇంత పెద్ద జాబితా చూస్తే ఏదో పదవుల వెంట తిరిగిన మనిషిలా అనిపిస్తాడు గానీ, దగ్గరగా చూస్తే ఆయన జీవితమంతా ఒక్క ప్రశ్న చుట్టూ తిరిగింది: మా తాతలకు ఇచ్చిన మాట ఏమైంది? ఆ మాట ఏమిటో తెలిస్తే మిగతా పదాలన్నీ, అంటే ఒప్పందం, ప్రకటన, సమ్మతి, సయోధ్య, వాటంతట అవే విడివడతాయి. అందుకే ఆయన కథను పట్టుకుని వెళ్దాం.

ముందు పేర్ల సంగతి

కెనడా రాజ్యాంగం ఆదివాసీ ప్రజలను మూడు వర్గాలుగా చెబుతుంది: ఇండియన్లు, ఇన్యూట్, మేటీ. ఇన్యూట్ ఉత్తర ధ్రువం వైపు మంచు ప్రాంతాల వాళ్లు. మేటీ ఆదివాసీ, యూరోపియన్ కుటుంబాలు కలిసి ఏర్పడిన ఒక ప్రత్యేక జాతి. మిగిలిన వాళ్లను చట్టం ఇప్పటికీ "ఇండియన్" అనే అంటుంది, మాటల్లో మాత్రం "ఫస్ట్ నేషన్స్" అంటారు. ఈ "నేషన్" అనే మాట దగ్గర మనం పొరపడతాం. అది ఒక్కోసారి కొన్ని వేల మంది ఉండే ఒక సముదాయం మాత్రమే, దానికో చీఫ్, ఒక కౌన్సిల్, ఆ సముదాయానికని కేటాయించిన కొంత రిజర్వు భూమి.

లిటిల్‌చైల్డ్ 1944 ఏప్రిల్ 1న ఆల్బర్టా రాష్ట్రంలో ఎర్మిన్‌స్కిన్ క్రీ నేషన్‌లో పుట్టారు. తాత, అమ్మమ్మల తరం పెద్దల దగ్గర పెరిగారు. ఆ ఊరిని అప్పట్లో హొబ్బీమా అనేవారు. 2014లో సొంత పేరు మస్క్వచీస్ తిరిగి పెట్టుకున్నారు, ఎలుగుబంటి కొండలు అని దానర్థం. అక్కడ నాలుగు నేషన్లు పక్కపక్కనే ఉంటాయి. ఇంకో మాట కూడా గుర్తుపెట్టుకోవాలి, "ట్రీటీ ఇండియన్". అంటే బ్రిటిష్ రాణి పేరు మీద ఒప్పందం కుదుర్చుకున్న సముదాయానికి చెందినవాళ్లు. కెనడాలో అందరికీ ఇలాంటి ఒప్పందాలు లేవు. ఎర్మిన్‌స్కిన్ వాళ్లకు ఉంది.

1876 ఒప్పందం: ఒకే కాగితం, రెండు అర్థాలు

ఎడ్మంటన్‌లో ఉండే మన తెలుగువాళ్లకు ఈ సంగతి చెవిన పడే ఉంటుంది. అక్కడ ఏ సభ మొదలుపెట్టినా "మనం ట్రీటీ సిక్స్ భూమి మీద ఉన్నాం" అని ఒక వాక్యం చదువుతారు. ఆ ట్రీటీ సిక్సే ఇది. 1876లో ఫోర్ట్ కార్ల్‌టన్, ఫోర్ట్ పిట్ అనే చోట్ల క్రీ చీఫ్‌లకూ రాణి ప్రతినిధులకూ మధ్య కుదిరింది, తర్వాతి ఏళ్లలో ఇంకొందరు చీఫ్‌లు వచ్చి చేరారు.

అప్పటికి క్రీ వాళ్ల పరిస్థితి ఏమీ బాగాలేదు. అంతకు కొన్నేళ్ల ముందు మశూచి ఊళ్లకు ఊళ్లను తుడిచిపెట్టింది. వాళ్ల తిండి, గుడ్డ, గుడారం అన్నీ అడవిదున్నల మీదే ఆధారపడి ఉంటే, ఆ మందలు కళ్ల ముందే తరిగిపోతున్నాయి. అలాంటప్పుడు కూర్చుని మాట్లాడారు. పౌండ్‌మేకర్ అనే నాయకుడు లేచి ఈ భూమి మాది, ముక్కలు కోసి మళ్లీ మాకే పెట్టడానికి ఇదేమైనా ఎండుమాంసం ముద్దా అని అడిగాడు. ఐదుగురున్న కుటుంబానికి ఒక చదరపు మైలు చొప్పున రిజర్వు భూమి ఇస్తామన్న మాటకు ఆయన జవాబు అది.

లెక్క వేసి చూద్దాం. చదరపు మైలంటే 640 ఎకరాలు. ఐదుగురికి పంచితే తలకు 128 ఎకరాలు. మన మూడెకరాల రైతుకు ఇది చాలా పెద్ద లెక్కే అనిపిస్తుంది. కానీ అది సేద్యపు భూమి పంచిపెట్టడం కాదు, దేశాల సైజు ఉన్న గడ్డి మైదానాల్లో తిరిగే జనాన్ని ఒక గీత లోపల నిలబెట్టడం. దాంతో పాటు మనిషికి ఏటా 5 డాలర్లు, రిజర్వుల్లో బడులు, కరువొస్తే సాయం, ఇండియన్ ఏజెంటు (రిజర్వుల మీద ప్రభుత్వం పెట్టిన అధికారి) ఇంట్లో ఒక మందుల పెట్టె. ఈ మందుల పెట్టె ట్రీటీ సిక్స్‌లోనే ఉన్న ప్రత్యేకం. ఆ ఒక్క వాక్యం ఆధారంగానే ఈ రోజు ఆ ప్రజలు వైద్యం మా హక్కు అని వాదిస్తారు. 5 డాలర్లు ఇప్పటికీ ఇస్తూనే ఉన్నారు, ఏటా ఒక రోజున ఎర్ర కోటు వేసుకున్న పోలీసు పక్కన నిలబడగా వరసలో వచ్చిన వాళ్ల చేతిలో ఒక్కో నోటు పెడతారు. 1876లో ఆ డబ్బుకు ఎన్నో సరుకులు వచ్చేవి. ఇప్పుడు ఒక కాఫీ, దాంతో పాటు ఏదో చిరుతిండి.

అసలు తగాదా ఇక్కడ మొదలవుతుంది. ఇంగ్లిష్ కాగితంలో భూమిని శాశ్వతంగా వదులుకుంటున్నాం, అప్పగిస్తున్నాం అని ఉంది. క్రీ పెద్దలు తరతరాలుగా నోటిమాటగా చెబుతున్నది వేరు. పంచుకోవడానికి ఒప్పుకున్నాం గానీ అమ్మలేదు, నాగలి దిగినంత లోతు వరకే ఇచ్చాం అంటారు. ప్రభుత్వం చూపేది సంతకం, వీళ్లు చూపేది ఆ రోజు అనువాదకుడి ద్వారా విన్న మాట. ఆ రోజు రాణి ప్రతినిధి అలెగ్జాండర్ మోరిస్ చెప్పిన ఒక మాట మాత్రం రెండు వైపులా ఒప్పుకుంటారు: ఈ వాగ్దానం ఆ సూర్యుడు వెలుగుతున్నంత కాలం, ఆ నది పారుతున్నంత కాలం ఉంటుందని. మన పాత దాన శాసనాల్లో ఆచంద్రార్కం అని చెక్కేవారు చూడండి, అచ్చం అదే.

ఆ మాట 1982లో మళ్లీ కోర్టు మెట్లెక్కింది. కెనడా తన రాజ్యాంగాన్ని బ్రిటన్ చేతుల్లోంచి పూర్తిగా తెచ్చుకునే వేళ, మా ఒప్పందాలు ఏమవుతాయని ఆల్బర్టా ఆదివాసీల సంఘం లండన్ కోర్టుకు వెళ్లింది. కేసు ఓడిపోయింది, ఇక ఆ బాధ్యత కెనడాదే అన్నారు. కానీ తీర్పు చెప్పిన లార్డ్ డెన్నింగ్ ఆ వాగ్దానాన్ని కెనడా నిలబెట్టుకోవాల్సిందే అంటూ ఆ సూర్యుణ్నీ, ఆ నదినీ మళ్లీ తలుచుకున్నారు. అదే ఏడాది అమల్లోకి వచ్చిన కెనడా రాజ్యాంగంలో 35వ సెక్షన్, ఉన్న ఆదివాసీ హక్కులనూ ఒప్పంద హక్కులనూ గుర్తిస్తున్నాం అని చెప్పింది.

అదే సంవత్సరం, ఇంకో కాగితం

ఈ భాగం చెప్పకపోతే కథ సగమే. ఒప్పందం జరిగిన 1876లోనే కెనడా పార్లమెంటు ఎవరినీ అడక్కుండా ఇండియన్ చట్టం చేసింది. ఒక కాగితం ఇద్దరు సమానుల మధ్య మాటలా మొదలైతే, రెండో కాగితం అందులో ఒకరిని మైనరు పిల్లాడిలా చూసింది. ఆ చట్టం మొదటి రూపంలో, ఒక ఇండియన్ యూనివర్సిటీ పట్టా తీసుకున్నా, లాయరో డాక్టరో అయినా అతని "ఇండియన్" హోదానే పోయేది. 1927 నుంచి 1951 దాకా భూమి హక్కుల కేసు నడపడానికి చందాలు వసూలు చేయడమే నేరం. ఇక పార్లమెంటు ఎన్నికల్లో హోదా వదులుకోకుండా ఓటు వేసే హక్కు అందరికీ వచ్చింది 1960లో, అప్పటికి లిటిల్‌చైల్డ్‌కు 16 ఏళ్లు.

రెసిడెన్షియల్ స్కూల్ అనగానే గురుకులం అనుకోవద్దు

మనకు రెసిడెన్షియల్ స్కూల్ అంటే మంచి మాట. సీటు వస్తే ఇంట్లో పండగ, పిల్లాడు బాగుపడతాడని అమ్మానాన్నలు టెన్షన్ పడుతూ రిజల్ట్ కోసం ఎదురుచూస్తారు. కెనడాలో అదే మాట చెబితే ఆదివాసీ ఇళ్లలో పెద్దవాళ్లు ఈ రోజుకీ మాట మార్చేస్తారు. అక్కడ ఆ బడుల ఉద్దేశమే వేరు. పిల్లల్ని ఇంటి నుంచి, భాష నుంచి, అమ్మ నుంచి విడదీసి తెల్లవాళ్లలా మార్చడం. డబ్బు ప్రభుత్వానిది, నడిపింది చర్చిలు. 1920 నుంచి పంపడం తప్పనిసరి చేశారు, పంపకపోతే తల్లిదండ్రులకు శిక్ష. సుమారు 1,50,000 మంది పిల్లలు ఈ బడుల్లో గడిపారు. ఆఖరివి మూతపడింది 1990ల్లో.

లిటిల్‌చైల్డ్‌ను ఆరేళ్ల వయసులో చేర్చారు. 14 ఏళ్లు ఉన్నారు. అక్కడ ఆయనకు పేరు లేదు, నంబరు ఉంది, 65. క్రీ మాట్లాడితే శిక్ష. ఇంట్లో ముసలివాళ్ల ఒడిలో నేర్చిన భాషను ఆరేళ్ల పిల్లాడు నోట్లోనే అణచిపెట్టుకోవాలి, రాత్రి నిద్రలో పలవరించినా భయమే. ఆయన అక్కడ జరిగిన దెబ్బల గురించి, అంతకు మించిన వాటి గురించి తర్వాత బహిరంగంగానే చెప్పారు. తనను నిలబెట్టింది ఆటలు అని కూడా చెప్పారు. హాకీ రింకులో ఉన్నంతసేపూ నంబరు 65 జెర్సీ మీది అంకెలా ఉండేదేమో అని నాకనిపిస్తుంది, అది నా ఊహ మాత్రమే.

ఆల్బర్టా యూనివర్సిటీలో వ్యాయామ విద్యలో డిగ్రీ, తర్వాత మాస్టర్స్, 1976లో లా డిగ్రీ. ఆల్బర్టాలోని ఒప్పంద ప్రజల్లో లా పట్టా పుచ్చుకున్న తొలి వ్యక్తి ఆయనే. లాయరైతే నువ్విక మనిషివే గానీ ఇండియన్‌వు కాదు అని చట్టం రాసి సరిగ్గా నూరేళ్లు. దేశంలో ఆదివాసీ క్రీడాకారులకిచ్చే టామ్ లాంగ్‌బోట్ అవార్డు 1967లోనూ 1974లోనూ వచ్చింది. 1977లో స్వీడన్‌లో జరిగిన ప్రపంచ ఆదివాసీ మండలి సభలో, ఆదివాసీలకంటూ అంతర్జాతీయ ఆటల పోటీలు పెట్టాలని ప్రతిపాదించారు. 1990లో ఎడ్మంటన్‌లో ఉత్తర అమెరికా ఆదివాసీ క్రీడలుగా అవి మొదలయ్యాయి, 2015లో బ్రెజిల్‌లోని పాల్మాస్‌లో ప్రపంచ స్థాయిలో జరిగాయి. ఇక్కడ మనకు జైపాల్ సింగ్ ముండా గుర్తుకురాకుండా ఉండరు. 1928 ఒలింపిక్స్‌లో భారత హాకీ జట్టు కెప్టెన్, 1946లో రాజ్యాంగ సభలో ఆదివాసీల గొంతు. హాకీ కర్ర వదిలి చట్టసభలో నిలబడ్డ మనుషులు రెండు ఖండాల్లోనూ ఉన్నారన్నమాట.

లోపల ఉండి కొట్లాడటమా, బయట ఉండి కాదనడమా

1988లో లిటిల్‌చైల్డ్ వెటాస్కివిన్ నియోజకవర్గం నుంచి ఎంపీగా గెలిచారు, ప్రధాని బ్రయాన్ మల్రోనీ నడిపిన ప్రోగ్రెసివ్ కన్జర్వేటివ్ పార్టీ తరఫున. ఒప్పంద ప్రజల నుంచి పార్లమెంటుకు వెళ్లిన తొలి మనిషి. "తొలి ఆదివాసీ ఎంపీ" అని కొందరు రాసేస్తారు, అది సరికాదు. 1968లోనే బ్రిటిష్ కొలంబియా నుంచి లెన్ మార్చండ్ గెలిచారు, అయితే ఆయన ప్రజలకు ఒప్పందం లేదు. అందుకే మొదట పేర్ల సంగతి చెప్పింది.

ఆయన ఎంపీగా ఉన్న ఆ ఐదేళ్లూ చాలా వేడిగా గడిచాయి. 1990 జూన్‌లో రాజ్యాంగ సవరణ ఒకటి ఆదివాసీల ఊసే లేకుండా తయారైతే, మానిటోబా శాసనసభలో ఎలిజా హార్పర్ అనే ఆదివాసీ సభ్యుడు చేతిలో గద్ద ఈక పట్టుకుని మళ్లీ మళ్లీ "కాదు" అన్నాడు, సవరణ అక్కడే ఆగిపోయింది. జూలైలో క్విబెక్‌లోని ఓకా దగ్గర, మోహాక్ ప్రజల శ్మశానం పక్కనున్న పైన్ తోటలో గోల్ఫ్ మైదానం పెంచబోతే వాళ్లు దారికి అడ్డం నిలబడ్డారు. 78 రోజులు సాగింది, చివరకు సైన్యం వచ్చింది. ఆ వేళ కేంద్రంలో ఉన్నది లిటిల్‌చైల్డ్ పార్టీయే.

ఇక్కడ రెండు వాదనలూ వినాలి. ఒకరు అంటారు, సైన్యాన్ని పంపిన ప్రభుత్వం పక్కన ఎలా కూర్చున్నావు, నీ కుర్చీ వాళ్లకు ముసుగే కదా అని. ఇంకొకరు అంటారు, ఎలిజా హార్పర్ కూడా చట్టసభలో కుర్చీ ఉండబట్టే ఆపగలిగాడు, గది లోపల ఒకడు లేకపోతే మన మాట ఎవడు చెబుతాడు అని. రెండింటిలోనూ నిజం ఉంది. నా మటుకు నాకు, లిటిల్‌చైల్డ్ చేసిన పెద్ద పని పార్లమెంటులో జరగలేదు. 1993తో ఆ అధ్యాయం ముగిసింది. అసలు పని జెనీవాలో, న్యూయార్క్‌లో జరిగింది.

2007 ప్రకటన: చట్టం కాదు, అలాగని ఉత్త కాగితమూ కాదు

1977లోనే ఆయన ఆదివాసీ నేషన్లను కూడగట్టి ఐక్యరాజ్యసమితి వైపు నడిపించే పనిలో ఉన్నారు. తలుపు తట్టిన నాటి నుంచి ఆదివాసీ ప్రజల హక్కుల ప్రకటన చేతికి రావడానికి 30 ఏళ్లు పట్టింది. ఏళ్ల తరబడి ఒక్కో పదం మీద వాదన, దేశాల ప్రతినిధులు ఒక కామా దగ్గర వారం ఆపేసే రకం బేరాలు. చివరకు 2007 సెప్టెంబర్ 13న సర్వసభ్య సభలో ఓటింగ్: అనుకూలం 144, వ్యతిరేకం 4, తటస్థం 11. వద్దన్న ఆ నాలుగూ అమెరికా, కెనడా, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్. వలస వచ్చినవాళ్లు సొంతదారుల భూమి మీద కట్టుకున్న దేశాలు. తర్వాత నాలుగేళ్లు తిరగకముందే నాలుగూ మనసు మార్చుకున్నాయి.

ప్రకటన అంటే డిక్లరేషన్. దేశాలు సంతకం పెట్టి కట్టుబడే ఒడంబడిక వేరు, ఇది వేరు. దీన్ని పట్టుకుని నేరుగా కోర్టుకు వెళ్లి గెలవడం కష్టం. కానీ ఒక దేశం తన పార్లమెంటులో చట్టం చేసుకుని దీన్ని లోపలికి తెచ్చుకుంటే బలం వస్తుంది. కెనడాలో రోమియో సగనాష్ అనే క్రీ ఎంపీ తెచ్చిన బిల్లు 2019లో సెనేట్‌లోనే ఆగిపోయింది, 2021 జూన్ 21న ప్రభుత్వ బిల్లు చట్టమైంది. 2024 ఫిబ్రవరిలో అక్కడి సుప్రీంకోర్టు, ఆ చట్టం ద్వారా ఈ ప్రకటన దేశ చట్టంలో భాగమైందని చెప్పింది. ఉత్త కాగితం అన్నవాళ్లకు ఇది పెద్ద జవాబే.

ప్రకటనలో 46 అధికరణలు. 37వది ఒప్పందాల గురించి: రాజ్యాలతో కుదిరిన ఒప్పందాలను గౌరవించాలి, అమలుచేయాలి అంటుంది. 1876 నాటి ఆ సూర్యుడు, ఆ నది 2007లో న్యూయార్క్ కాగితంలోకి వచ్చిన చోటు అదే. ట్రీటీ సిక్స్ నుంచి వెళ్లిన మనుషులకు ప్రాణం లాంటి అధికరణ.

విచిత్రం ఏమిటంటే 2021 చట్టాన్ని లిటిల్‌చైల్డ్ బలపరిస్తే, ఆల్బర్టాలోని ఒప్పంద నాయకుల్లోనే కొందరు వ్యతిరేకించారు. వాళ్ల వాదన తేలికగా తీసేయదగ్గది కాదు. ఒప్పందం రాణికీ మాకూ మధ్య, రెండు జాతుల మధ్య జరిగింది, దాన్ని కెనడా పార్లమెంటు చట్టంలో ఇముడ్చుకుంటే మేం ఆ పార్లమెంటుకు లోబడినట్టే కదా, రేపు ఇంకో పార్లమెంటు తీసేస్తే ఏం చేస్తాం అని.

చెప్పి చేయడం, అడిగి చేయడం, ఒప్పుకుంటేనే చేయడం

ఎక్కువ గొడవ జరిగేది "స్వేచ్ఛగా, ముందుగా, అన్నీ తెలిసి ఇచ్చే సమ్మతి" అనే మాట మీద. బెదిరింపు లేకుండా, పని మొదలుకాకముందే, లాభనష్టాలన్నీ చెప్పాక ఇచ్చే ఒప్పుకోలు. 32వ అధికరణ ప్రకారం ఆదివాసీల భూమిని తాకే ప్రాజెక్టు విషయంలో ఆ సమ్మతి పొందడానికి ప్రభుత్వం నిజాయితీగా సంప్రదించాలి. "పొందడానికి సంప్రదించాలి" అంటే పొందకపోతే ఆపాలా? ఈ ఒక్క ప్రశ్న దగ్గరే లాయర్లు చీలిపోతారు. ఇళ్లు ఖాళీ చేయించే విషయంలో 10వ అధికరణ మాత్రం స్పష్టంగా ఉంది, సమ్మతి లేకుండా తరలించకూడదు.

ఒక ఉదాహరణ చూస్తే తెలుస్తుంది. ట్రాన్స్ మౌంటెన్ పైప్‌లైన్ ట్రీటీ సిక్స్ ప్రాంతంలోని ఎడ్మంటన్ దగ్గర మొదలై పసిఫిక్ తీరంలో బర్నబీ దాకా చమురు మోస్తుంది. దాని విస్తరణకు కెనడా ప్రభుత్వం అనుమతిచ్చింది, 2018లో ఏకంగా పైప్‌లైన్‌నే కొనేసింది. అదే ఏడాది ఆగస్టులో ఫెడరల్ అప్పీలు కోర్టు ఆ అనుమతి కొట్టేసింది. కారణాల్లో ఒకటి చాలా చిన్నగా కనిపిస్తుంది: ఆదివాసీల దగ్గరకు వెళ్లిన అధికారులు వాళ్లు చెప్పింది రాసుకుని వచ్చారే తప్ప, నిజంగా బదులిచ్చే సంభాషణ జరపలేదు. మన ప్రజాభిప్రాయ సేకరణ సభలకు వెళ్లినవాళ్లకు ఈ దృశ్యం కొత్త కాదు, మైకు, టెంటు, వీడియో కెమెరా, రిజిస్టరులో సంతకాలు. ప్రభుత్వం మళ్లీ సంప్రదింపులు జరిపి 2019లో మళ్లీ అనుమతిచ్చింది. ఈసారి 2020 ఫిబ్రవరిలో అదే కోర్టు సమర్థించింది, సంప్రదింపు అంటే వీటో కాదంది. 2024 మేలో చమురు పారింది.

అంటే మొదటి తీర్పు "చెప్పి చేయడం చాలదు, అడగాలి" అంది. రెండోది "అడిగితే చాలు, ఒప్పుకోవాల్సిన పని లేదు" అంది. ఇంకో సంగతి కూడా దాచకూడదు, ఆ దారిలో ఉన్న ఫస్ట్ నేషన్స్‌లో చాలా వాటికి పైప్‌లైన్ కంపెనీతో లాభాల ఒప్పందాలున్నాయి, కొన్ని దాన్ని కొనడానికి కూడా ముందుకొచ్చాయి. ఆదివాసీలంటే అందరూ ఒకే మాట మీద ఉంటారనుకోవడం కూడా వాళ్లను తక్కువ చేయడమే. సమ్మతి హక్కు అంటే వద్దనే హక్కు ఎంతో, సరే అనే హక్కూ అంతే.

కమిషన్ ఏం చేయగలిగింది, ఏం చేయలేకపోయింది

రెసిడెన్షియల్ స్కూళ్ల బాధితులు కోర్టుల్లో వేసిన కేసులు పెరిగి పెరిగి 2006లో ఒక భారీ సెటిల్‌మెంటు కుదిరింది. అందులో భాగమే సత్యం, సయోధ్య కమిషన్. మొదట నియమించిన కమిషనర్లు విభేదాలతో తప్పుకున్నాక 2009లో ముర్రే సింక్లెయిర్ ఛైర్మన్‌గా, మేరీ విల్సన్, లిటిల్‌చైల్డ్ సభ్యులుగా వచ్చారు. తనకు జరిగినదాన్నే ఇంకొకరి నోట ఆరేళ్ల పాటు వేలసార్లు వినడం. 6,500 మందికి పైగా మాట్లాడారు. సభల్లో ఏడ్చినవాళ్ల కన్నీళ్లు తుడిచిన కాగితాలను చెత్తలో పడేయకుండా పోగుచేసి, పవిత్రమైన నిప్పులో వేసేవారు.

సెటిల్‌మెంటు డబ్బు లెక్క ఇలా: బడిలో మొదటి ఏడాదికి 10,000 డాలర్లు, ఆ తర్వాత ప్రతి ఏడాదికీ 3,000. 14 ఏళ్లు ఉన్న మనిషికి 10,000, ఆ పైన 13 ఏళ్లకు 39,000, మొత్తం 49,000. బాల్యం మొత్తానికి ఏడాదికి 3,500 పడింది. కొట్టినందుకు, లైంగికంగా హింసించినందుకు వేరే ప్రక్రియ పెట్టారు, దానికి 38 వేలకు పైగా దరఖాస్తులు వచ్చాయి.

కమిషన్ 2015లో నివేదిక ఇచ్చింది. జరిగింది "సాంస్కృతిక జాతిహననం" అంది, 94 పిలుపులు, అంటే చేయాల్సిన పనుల సిఫార్సులు, ఇచ్చింది. సయోధ్యకు చట్రం ఐక్యరాజ్యసమితి ప్రకటనే కావాలని అందులో రాశారు, అలా లిటిల్‌చైల్డ్ రెండు జీవితాలూ ఒక్క చోట కలిశాయి. అయితే ఆ కమిషన్‌కు ఎవరినీ బలవంతంగా పిలిపించే అధికారం లేదు, నేరం చేసినవాళ్ల పేర్లు చెప్పే వీలు లేదు. నిందితుడే లేని నిజం ఏం నిజం అని అడిగేవాళ్లు అప్పుడూ ఉన్నారు, ఇప్పుడూ ఉన్నారు. దీనికి ఇంకో వైపు, కోర్టులో అయితే ముసలివాళ్లను క్రాస్ ఎగ్జామినేషన్ పేరుతో మళ్లీ నలిపేస్తారు, ఇక్కడ కనీసం నమ్మి విన్నారు. చాలామందికి జీవితంలో అదే మొదటిసారి.

ఈకల కిరీటం మీద రేగిన వాదన

94 పిలుపుల్లో 58వది, పోప్ కెనడా వచ్చి క్షమాపణ చెప్పాలని. ఏడాదిలోగా అన్నారు, ఏడేళ్లు పట్టింది. 2022 జూలై 25న పోప్ ఫ్రాన్సిస్ మస్క్వచీస్‌కే వచ్చారు, లిటిల్‌చైల్డ్ చదివిన బడి ఉన్న ఊరికే. ఆ బడుల్లో చనిపోయిన పిల్లల పేర్లు, 4 వేలకు పైగా, రాసిన పొడవాటి ఎర్ర గుడ్డను మనుషులు చేతుల మీద మోసుకొచ్చారు. పోప్ దాన్ని ముద్దుపెట్టుకున్నారు. క్షమించమని అడిగారు. 78 ఏళ్ల లిటిల్‌చైల్డ్ వెళ్లి ఈకల కిరీటం ఆయన తలకు పెట్టారు.

ఆ ఫోటో ప్రపంచమంతా తిరిగింది, అంతకంటే వేగంగా కోపం తిరిగింది. ఆ కిరీటం ఊరికే రాదు, ఒక్కో ఈకా సంపాదించుకోవాలి, మా పిల్లల్ని మాకు కాకుండా చేసిన సంస్థ పెద్దకు అది పెడతారా అని బాధితుల్లో చాలామంది నొచ్చుకున్నారు. ఇటువైపు వాళ్లు, మా ఊరికి వచ్చి తప్పొప్పుకున్న అతిథిని గౌరవించడం మా మర్యాద, ఇచ్చింది అతనికి కాదు, మా పద్ధతికి అన్నారు. కమిషన్ ఛైర్మన్‌గా పనిచేసిన ముర్రే సింక్లెయిర్ మర్నాడే, ఆ క్షమాపణ తప్పును కొందరు మనుషుల మీదికి నెట్టింది, సంస్థగా చర్చి పాత్ర ఒప్పుకోలేదు, అక్కడ పెద్ద లోటు మిగిలిందని ప్రకటన ఇచ్చారు. ఆరేళ్లు పక్కపక్కన కూర్చుని అవే ఏడుపులు విన్న ఇద్దరు మనుషులు, ఒకరి చేతిలో కిరీటం, ఇంకొకరి చేతిలో ఆ ప్రకటన. నేను ఎవరి పక్షమూ తేల్చలేను. ఆ బడిలో నంబరుతో పిలిపించుకున్న మనిషికి ఎవరిని క్షమించాలో తేల్చుకునే హక్కు ఉంది. క్షమించనన్న మనిషికీ అదే హక్కు ఉంది. తిరుగు ప్రయాణంలో విమానంలో విలేకరులు అడిగితే పోప్ అది జాతిహననమే అని ఒప్పుకున్నారు. ఆదివాసీ భూములు "కనిపెట్టిన" యూరప్ రాజులవి అనే పాత సిద్ధాంతాన్ని 2023 మార్చిలో వాటికన్ తోసిపుచ్చింది.

ఇక మన వైపు

2007 సెప్టెంబర్ 13న అనుకూలంగా పడ్డ 144 ఓట్లలో భారత్‌ది ఒకటి. కానీ మన ప్రభుత్వం చెప్పే మాట ఏమిటంటే, స్వాతంత్ర్యం వచ్చేనాటికి ఇక్కడున్న జనమంతా మూలవాసులే, కాబట్టి ప్రత్యేకంగా ఫలానా వాళ్లు అని లేరు. ఓటు వేసినట్టే వేసి, అది ఎవరికి వర్తిస్తుందో చెప్పకుండా ఉంచడం అది. ఇంకో పెద్ద తేడా, మన ఆదివాసీల హక్కులకు ఆధారం రాణితో ఒప్పందం కాదు. గిరిజన ప్రాంతాల పాలన గురించి చెప్పే రాజ్యాంగంలోని ఐదో షెడ్యూలు, గిరిజన ప్రాంతాల భూములు గిరిజనేతరుల చేతికి పోకుండా ఆపే, మన దగ్గర అందరి నోటా నానిన వన్ ఆఫ్ సెవెంటీ, గ్రామసభలకు అధికారాలిచ్చిన 1996 నాటి పెసా, 2006 నాటి అటవీ హక్కుల చట్టం. కాబట్టి ఆగస్టు 9 సభలో ఐక్యరాజ్యసమితి పేరు చెప్పేవాళ్లు, దాంతో పాటు ఈ నాలుగింటి పేర్లూ చెబితేనే పని జరుగుతుంది, మన కోర్టుల్లో పలికేవి ఇవే.

భూమి, సమ్మతి అనే మాటలు మన దగ్గర కూడా కోర్టుకెక్కాయి. విశాఖ మన్యంలోని అనంతగిరి ప్రాంతంలో గిరిజన భూములను గనులకు లీజుకిచ్చిన వ్యవహారంలో, 1997 సమత తీర్పు షెడ్యూల్డ్ ప్రాంతంలో ప్రభుత్వం కూడా గిరిజనేతర "వ్యక్తి" కిందికే వస్తుంది, ప్రైవేటు కంపెనీలకు అక్కడ లీజులివ్వడం చెల్లదు అంది. 2013లో ఒడిశాలో నియమగిరి బాక్సైట్ గని సంగతి వచ్చినప్పుడు సుప్రీంకోర్టు గ్రామసభలను అడగమంది. డోంగ్రియా కోందులు, ఇతర గ్రామస్థులు తమ ఊళ్లలోనే ఒక జడ్జి ముందు కూర్చుని చెప్పారు, అక్కడ అడిగిన గ్రామసభలు 12. పన్నెండూ వద్దన్నాయి. గని రాలేదు.